పెట్టే చేయి, పుచ్చుకొనే చేయి

న్యూఢిల్లీలో మోతీలాల్ నెహ్రూ ప్లేస్‌లోని స్మారక భవనంలో ఒక పాత ఫియట్ కారు ఉంది. ఈ దేశానికి ప్రధానిగా ఉన్న వ్యక్తి దానిని కొనడానికి చేతిలో సొమ్ము చాలక, బ్యాంకులో 5 వేల రూపాయలు అప్పు చేశారు. ఆ బాకీ తీరకముందే ఆయన కన్నుమూశారు. మిగిలిన సొమ్మును ఆయన భార్య లలితాశాస్త్రి తమకు వచ్చే పింఛనులోనుంచి చెల్లించారు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు చెప్పగానే మనకు 1965 యుద్ధమూ, తాష్కెంటూ గుర్తుకు వస్తాయి. పరదేశాలకు భారతదేశం చేసే సహాయానికి ఒక స్థిరమైన ఏర్పాటు ఆయన హయాంలోనే ఏర్పడిందన్న సంగతి మాత్రం రాజధానిలో సైతం తలచుకొనేవారు తక్కువ.

శాస్త్రి 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయ్‌లో జన్మించారు. రెండేళ్లయినా నిండకముందే తండ్రి పోయారు. మేనమామల ఇంట పెరిగారు. గాంధీజీ పిలుపుతో 1921లో బడి వదలి, కాశీ విద్యాపీఠంలో చేరి, 1925లో శాస్త్రి పట్టం పుచ్చుకొన్నారు. ఆ పట్టమే ఇంటిపేరయింది. లాలా లజపతిరాయ్ నెలకొల్పిన లోక్ సేవక్ మండల్‌లో చేరి, అది ఇచ్చే కొద్దిపాటి భృతితో సంసారం నడిపారు. ఏళ్ల తరబడి జైళ్లలో గడిపారు. ఒకరి సహాయంపై ఆధారపడి బ్రతకడమంటే ఏమిటో, దానిలో మర్యాద ఎట్లా నిలుపుకోవాలో ఆయనకు పుస్తకాలు నేర్పలేదు.

తెలుగునాటికి ఆయన పేరు ఒక విషాదంతో ముడివడి ఉంది. 1956లో మహబూబ్‌నగర్ సమీపంలో వంతెన కూలి, రైలు పడిపోయి వందమందికి పైగా మరణించారు. అప్పుడు రైల్వేమంత్రి శాస్త్రి. ఆయన రాజీనామా ఇవ్వగా నెహ్రూ అంగీకరించలేదు. అదే సంవత్సరం నవంబరులో తమిళ ప్రాంతంలోని అరియలూరు వద్ద మరొక ఘోరం జరిగినప్పుడు ఆయన మరి ఆగలేదు.

తిరిగి మంత్రివర్గంలో చేరి, 1958 నుంచి 1961 వరకు వాణిజ్య, పరిశ్రమల శాఖను నిర్వహించారు. ఆ శాఖ కిందనే 1960లో చిన్న పరిశ్రమల అధికారులకు శిక్షణనిచ్చే సంస్థ ఒకటి ఢిల్లీలో వెలసింది. 1962లో అది హైదరాబాదుకు తరలివచ్చింది. యూసుఫ్‌గూడలోని ఆ సంస్థకు తరువాత పేరు మారినా పని మారలేదు. ఆసియా, ఆఫ్రికా దేశాల అధికారులెందరో భారత ప్రభుత్వ ఖర్చుపై అక్కడికి వచ్చి చదువుకొని వెళ్లారు.

1964 జూన్ 9న శాస్త్రి ప్రధాని అయ్యారు. చైనా యుద్ధంతో దేశానికి తగిలిన దెబ్బ ఇంకా మానలేదు. ఆసియా, ఆఫ్రికాలలో మన మాటకు వెనుకటి విలువ తగ్గింది. ఆ సెప్టెంబరు 15న కేంద్రమంత్రివర్గం భారత సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమాన్ని ఆమోదించింది. ఐటెక్ అని మనం పిలుచుకొనేది దీనినే. అంతకుముందు సహాయం చేయలేదని కాదు. 1950లో రూపొందిన కొలంబో ప్రణాళికలో మనకు పాత్ర ఉంది. నేపాల్, భూటాన్‌లలో రోడ్లు వేశాము. అయితే అది అవసరాన్ని బట్టి, ఇరుగుపొరుగులను బట్టి జరిగిన పని. ఐటెక్‌తో దానికొక పద్ధతి వచ్చింది. డబ్బు మూటలు పంపే స్తోమత మనకు లేదు. నేర్చుకొన్న విద్యను పంచగలం. వచ్చేవారి విమాన ఛార్జీలు, భోజన వసతులు, బోధన మన ఖర్చు.

ఇక్కడే ఆలోచించవలసిన విషయం ఉంది. ఆనాడు మన గిన్నెలో గింజలు మనవి కావు. 1965లో దిగుమతి అయిన ధాన్యం 70 లక్షల టన్నులకు పైమాట. అందులో పెద్దపాలు అమెరికా పి.ఎల్. 480 చట్టం కింద వచ్చిన గోధుమ. వియత్నాం విషయంలో ఢిల్లీ వైఖరి వాషింగ్టన్‌కు రుచించలేదు. శాస్త్రి అమెరికా పర్యటనను అధ్యక్షుడు జాన్సన్ వాయిదా వేశారు. ధాన్యం కేటాయింపులను కొద్ది కొద్దిగా విదిల్చడం మొదలుపెట్టారు. సెప్టెంబరు యుద్ధంతో కొత్త సహాయమూ నిలిచిపోయింది. శాస్త్రి వారానికొక పూట భోజనం మానమని ప్రజలను కోరారు. ముందు తన ఇంట అమలు జరిపారు. మరొకవైపు వ్యవసాయమంత్రి సి. సుబ్రహ్మణ్యానికి అండగా నిలిచి, ఆహార సంస్థకూ, కొత్త గోధుమ విత్తనాలకూ దారి చూపారు. 1966 జనవరి 11న తాష్కెంటులో ఆయన ప్రాణం పోయింది. యమున ఒడ్డున విజయఘాట్‌లో చితి పేర్చారు.

ఆయన నాటిన మొక్క మెల్లగా పెరిగింది. ఐటెక్ నేడు 160 దేశాలకు విస్తరించింది. 2003 నాటికి చిన్న దాతల సహాయం ఇక అక్కరలేదని చెప్పగలిగాము. ప్రత్యేక సంస్థను నెలకొల్పుతామని 2007 బడ్జెటులో ప్రకటించినా అది కార్యరూపం దాల్చలేదు. చివరకు 2012 జనవరిలో విదేశాంగ శాఖలోనే అభివృద్ధి భాగస్వామ్య విభాగం ఏర్పడింది. ఇప్పుడు గ్రాంట్ల కంటె ఎక్కువ మాట ఎగ్జిమ్ బ్యాంకు ద్వారా ఇచ్చే రుణాలది. ఆ రుణంలో సాధారణంగా నూటికి 75 పాళ్ల సరుకు మన వద్దనే కొనాలన్న నిబంధన ఉంది.

వ్యాపారం తప్పు కాదు. కాని షరతులతో వచ్చే గింజ ఎట్లా గొంతు దిగుతుందో 1965లో మనకు అనుభవమైంది. ఇచ్చే కాగితాలపై సంతకం చేసేవారు అప్పుడప్పుడు ఆ పాత ఫియట్‌ను చూసి రావడం మంచిది. అప్పు పుచ్చుకొని, దానిని మర్యాదగా తీర్చిన ఇల్లది.