మహాత్ముని అపక్వాహార సాధన

ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందన్నది ఉపనిషత్కాలం నుంచి మన పెద్దల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని తన దేహంపైనే పరీక్షించుకున్న సాధకుడు మహాత్మాగాంధీ. ఆయన నెలకొల్పిన సత్యాగ్రహాశ్రమ వ్రతాలలో సత్యం, అహింసలతో పాటు అస్వాదం కూడా ఒకటి. అస్వాదమంటే రుచి కోసం కాక దేహధారణ కోసమే భుజించడం. జిహ్వను జయించనిదే తక్కిన ఇంద్రియాలు వశం కావని ఆయన దృఢంగా నమ్మారు.

అగ్నిస్పర్శ లేని ఆహారంపై గాంధీజీకి యౌవనంలోనే ఆసక్తి కలిగింది. 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఉండగా నానబెట్టిన పచ్చి ధాన్యం, పండ్లు, గింజలతో కాలం గడపబూనారు. ఆకలి తీరక నీరసం ఆవరించడంతో కొద్ది రోజులకే ఆ ప్రయత్నాన్ని విరమించారు.

1912లో టాల్‌స్టాయ్ క్షేత్రంలో ఆయన పాలను విసర్జించారు. 1918లో తీవ్రమైన అతిసారంతో మంచాన పడినప్పుడు కస్తూరిబా సూచన మేరకు మేకపాలు స్వీకరించవలసి వచ్చింది. వ్రతంలోని అక్షరాన్ని నిలుపుకున్నా, దాని ఆత్మను కాపాడలేకపోయానన్న వేదన ఆయనను వీడలేదు. పాలు లేకుండా బలాన్నిచ్చే ఆహారం కోసం అన్వేషణ సాగుతూనే ఉంది.

ఆ అన్వేషణకు కొత్త ఊపిరి మన ఆంధ్రదేశంలోనే లభించింది. 1929 వేసవిలో ఖద్దరు నిధికై పర్యటిస్తూ ఆయన రాజమహేంద్రవరం వచ్చారు. అక్కడ ప్రకృతి చికిత్సాలయం నడుపుతున్న సుందరం గోపాలరావు గారు వండని ఆహారపు మహిమను వివరించారు. అరవైకి చేరువైన వయసులో, ఎడతెరిపి లేని ప్రయాణాల నడుమ, గాంధీజీ వెంటనే ప్రయోగం ఆరంభించారు.

ఆయన నిత్యాహారం ఇది: మొలకెత్తిన గోధుమలు 8 తులాలు, బాదంపప్పు ముద్ద 8 తులాలు, నూరిన పచ్చి ఆకుకూర 8 తులాలు, నిమ్మకాయలు 6, తేనె 2 ఔన్సులు. దీనిని రెండు పూటలుగా భుజించేవారు. నిప్పు తగిలినది తాగే నీరొక్కటే. ఇది ఫలిస్తే పేదవానికి ఖర్చు తగ్గుతుందని, స్త్రీలకు పొయ్యి దగ్గరి చాకిరీ తప్పుతుందని, అహింసా బ్రహ్మచర్యాలకు బలం చేకూరుతుందని ఆయన ఆశించారు. సబర్మతిలో ఆశ్రమవాసులు పలువురు ఆయనను అనుసరించారు. తన ప్రయోగ వివరాలను యంగ్ ఇండియా పత్రికలో ప్రకటిస్తూనే, తొందరపడి అనుకరించవద్దని పాఠకులను హెచ్చరించారు.

కానీ శరీరం సహకరించలేదు. ఆగస్టు నాటికి అతిసారం తిరగబెట్టింది. గాంధీజీ ప్రయోగాన్ని ఆపి, మళ్లీ మేకపాలను ఆశ్రయించారు. ఎంతో ఆశపడిన మార్గం మధ్యలోనే మూసుకుపోయింది. ఆయనపై గురితో ఆ దారి పట్టినవారు ఎందరో ఉండగా, వైఫల్యాన్ని దాచిపెడితే వారి ఆరోగ్యానికే ముప్పు. అందుకే విజయాన్ని ఆశించి రాసిన పత్రికలోనే తన అపజయాన్నీ లోకానికి తెలియజేశారు. ఆదర్శంపై విశ్వాసాన్ని మాత్రం వదులుకోలేదు.

1942లో పుణెలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యంపై గ్రంథం రాసినప్పుడు ఆయన దృష్టి మరింత సమతూకంగా కనిపిస్తుంది. పాలకు అందులో చోటిచ్చారు. పచ్చి ఆకుకూరలను కొద్దిగానైనా నిత్యం తినాలన్నారు. ప్రయోగం మిగిల్చిన సారాన్ని స్వీకరించి, పట్టుదలను విడిచిపెట్టారు.

నియమం పాటించడం తపస్సు. ఆ నియమం సత్యానికి నిలవనప్పుడు అహంకారం అడ్డురాకుండా దానిని విడిచిపెట్టడం అంతకన్నా కఠినమైన తపస్సు. ఉపవాసాలు, ఆహార నియమాలు చేపట్టే సాధకులందరూ మహాత్ముని జీవితంలోని ఈ చిన్న ఘట్టాన్ని మననం చేసుకోవాలి.