కీర్తిశేషులు అడివి బాపిరాజుగారు

కవిత్వమును చిత్రలేఖనమును తోబుట్టువులని పెద్దలు చెప్పుదురు. అయినను వాని భాగ్యములు లోకమున నొక్కరీతిగా నుండవు. నవల వేయి ప్రతులుగా నచ్చుపడి యింటింటికిని పోవును, చిత్రపట మొక్కటియే. దాని మనుగడ దానిని కాపాడు గోడపై నాధారపడి యుండును. ఈ భేదమును చక్కగా తెలుపు జీవితములలో అడివి బాపిరాజుగారిది యొకటి. కావున వారి చరిత్రమును మన సంఘ సోదరులకును, పోషక మహాశయులకును సంగ్రహముగా విన్నవించుచున్నాము.

బాపిరాజుగారు 1895 అక్టోబరు 8వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున చదువుచున్న దినములలో కళాశాలాధ్యక్షులగు ఆస్వాల్డు కూల్డ్రేదొర వారిని చేరదీసి, కళలయం దభిరుచి నెలకొల్పిరి. ఆ దొర ప్రోత్సహించిన యువకులలో చిత్రకారులు దామెర్ల రామారావుగారు నొకరు. గాంధీమహాత్ముని సహకార నిరాకరణోద్యమమున పాల్గొని బాపిరాజుగారు కారాగారవాస మనుభవించిరి. న్యాయశాస్త్రమున పట్టము పొంది కొన్నాళ్లు భీమవరమున వకీలుగా నుండిరి గాని, వారి మనస్సు కచేరీలో నిలువలేదు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలయందు ప్రమోదకుమార చట్టోపాధ్యాయులకు శిష్యులై వంగదేశపు పద్ధతిని చిత్రకళ నభ్యసించిరి. 1934 మొదలు 1939 వరకు ఆ కళాశాలకే ప్రధానాధ్యాపకులుగా నుండిరి.

ఆ 1934వ సంవత్సరమే వారి సాహిత్య జీవితమునను గొప్పది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నడపిన నవలల పోటీలో వారి ‘నారాయణరావు’కును, విశ్వనాథ సత్యనారాయణగారి ‘వేయిపడగలు’కును బహుమానమును సమముగ పంచి యిచ్చిరి. తరువాత శాతవాహనుల కాలమును ‘హిమబిందు’లోను, ఇక్ష్వాకుల కాలమును ‘అడవి శాంతిశ్రీ’లోను, కాకతీయుల కాలమును ‘గోన గన్నారెడ్డి’లోను చూపిరి. ఈ నవలలను చదువునపుడు చిత్రకారుని చేయి తెలియుచునే యుండును. వస్త్రముల వన్నెలు, నగల తీరులు, మండపముల శిల్పము, సాయంకాలపు వెలుగు కన్నులకు కట్టినట్లు నిలుచును. బాపిరాజుగారు ధనముతో చిత్రశాలను కట్టినవారు గారు. వారి చిత్రశాల వారి నవలలే.

చలనచిత్రములకును వారి తోడ్పాటు లభించెను. 1936లో ‘అనసూయ’, ‘ధ్రువ విజయము’ అను చిత్రములకు వారు కళాదర్శకులు.

ఇక మన సీమతో వారికి గల సంబంధమును చెప్పవలెను. 1944 మొదలు 1947 వరకు బాపిరాజుగారు హైదరాబాదున ‘మీజాన్’ తెలుగు దినపత్రికకు సంపాదకులుగా నుండిరి. ఆ పత్రిక తెలుగు, ఉర్దూ, ఆంగ్ల భాషలు మూడింటను వెలువడెడిది. నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా నుండిన కాలమది. తెలుగు దినపత్రిక నొకదానిని నిత్యము నడుపుట యెంతటి శ్రమయో, జహీరాబాదువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినుచు పెరిగిన ఊరు మనది. ఇరుగుపొరుగు భాషల నడుమ తన భాషను ద్వేషము లేక నిలుపుకొనుట మన పెద్దలు నేర్చిన విద్య. కోస్తాదేశమున పుట్టిన బాపిరాజుగారు తెలంగాణపు వీరుని కథానాయకుని జేసి, రుద్రమదేవి కాలమును తెలుగువారందరి సొత్తుగా నొనర్చిరి.

వారి కుంచె నుండి ‘శబ్దబ్రహ్మ’, ‘సముద్రగుప్తుడు’, ‘తిక్కన’ మున్నగు చిత్రములు వెలువడెను. తుదినాళ్లలో సింహళమునకు పోయి సిగిరియ కుడ్యచిత్రములకు ప్రతికృతులు వ్రాసి తెచ్చిరి. పరదేశపు కొండగోడపై నున్న కళను మనవారు చూచుటకై యింత శ్రమపడిన ఆ మహాశయులు 1952 సెప్టెంబరు 22వ తేదీన కీర్తిశేషులైరి.

వారి నవలలు నేటికిని మరల మరల ముద్రితము లగుచున్నవి. కోరినవారు కొని చదువవచ్చును. చిత్రములకు అట్టి పునర్జన్మము లేదు. దామెర్ల రామారావుగారు 1925లో, 27 ఏండ్ల ప్రాయముననే మసూచికమువలన మరణించిరి. అయినను ఆయన చిత్రములను నేడును మనము చూడగలుగుచున్నామన్న, రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలయే కారణము. కళాకారుని ఆయువు ఆయన చేతిలో లేదు. ఆయన కృతుల ఆయువు మన చేతిలో నున్నది.

మన పోషకులు విద్యార్థి వసతిగృహములకు, పెండ్లి మండపములకు ఉదారముగ ధనమిచ్చుచున్నారు. ఆ దానమునకు మేము కృతజ్ఞులము. ఆ మండపముల గోడలలో నొక్కదానిని మన పిల్లలు వ్రాసిన చిత్రములకు విడువవలసినదని ప్రార్థించుచున్నాము. బొమ్మలు వ్రాయు పిల్లవానిని, చదువు చెడునని కసరుకొనక, కాగితమును రంగులును కొని యీయవలెను. వకీలు పనిని విడిచి కుంచె పట్టిన బాపిరాజుగారిని నాడు గురువులు ఆదరించిరి గనుకనే తెలుగుజాతికి ఒక చిత్రకారుడును ఒక కథకుడును ఒక్క దేహముననే లభించిరి. అట్టి ఆదరము మన సంఘమునను వర్ధిల్లుగాక.