గిడుగు రామమూర్తి పంతులు: సవర బడి నుండి తెలుగు బడికి

జంషెడ్‌పూరు చుట్టుపట్ల గ్రామములలో సంతాలీ, హో, ముండారీ ఇంటి భాషలు. ఇవి ముండా కుటుంబమునకు చెందినవి. పర్లాకిమిడి కొండలలోని సవర భాష కూడ ఆ కుటుంబములోనిదే. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పిన గిడుగు వెంకట రామమూర్తి పంతులును ఆంధ్రదేశము వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఎరుగును. ఆ ఉద్యమము వెనుకనున్న విద్యాదృష్టికి మూలము సవర బడులలో కనిపించును.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళ ప్రాంతమందలి పర్వతాలపేటలో జన్మించినారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. సవరలను ఇంట ఉంచుకొని వారి భాష నేర్చినారు. లిపి లేని ఆ భాషలో పాఠపుస్తకములు వ్రాసి, సొంత వ్యయముతో బడులు పెట్టినారు. మన్యపు జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను ఆయన వినికిడిని హరించినది. అయినను భాషా పరిశోధన మానలేదు. ఆయన సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి.

సవర బాలునికి తెలుగు పుస్తకము పరాయిది. తెలుగు బాలునికి తన తెలుగు పుస్తకమే పరాయిదగుట ఆయనను మరింత కలవరపెట్టినది. పిల్లవాడు ఇంట పలుకు మాట బడిలో తప్పుగా లెక్కకు వచ్చెడిది. 1906లో పాఠశాలల తనిఖీ అధికారి యేట్సు ఇట్టి సందేహమునే లేవనెత్తగా, రామమూర్తి దానిని జీవితకాల కార్యముగా స్వీకరించినారు. గురజాడ అప్పారావు ఆయనకు తోడైనారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఎదిరించినారు. పరీక్షలలో వాడుకభాషకు లభించిన అనుమతి వారి ప్రతిఘటనకు నిలువలేదు. రామమూర్తి వెనుదీయక ‘తెలుగు’ పత్రిక నడిపినారు. ప్రాచీన గ్రంథముల నుండియే ప్రయోగములు చూపి వాదించినారు. వ్యావహారికముపై నిషేధమును ఆంధ్ర సాహిత్య పరిషత్తు 1924లో తొలగించినది.

1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరినది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ ఊరిని విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరినారు. 1940 జనవరి 22న పరమపదించినారు.

కనీసము అయిదవ తరగతి వరకు, సాధ్యమైనచోటనెల్ల, మాతృభాషలో బోధన జరుగవలెనని 2020 జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. అయితే పిల్లవాని భాష తెలిసిన ఉపాధ్యాయుడు, ఆ భాషలో పుస్తకము ఉండనిచో నిర్దేశము కాగితముననే నిలుచును. సింగ్‌భూమ్ పల్లెల హో బాలునికైనను, ఉక్కు కర్మాగారపు కొలువుకై జంషెడ్‌పూరు చేరిన తెలుగు కుటుంబపు బాలునికైనను కావలసినవి ఆ రెండే. రామమూర్తి ముందుగా భాష నేర్చి, తరువాత పుస్తకము వ్రాసి, ఆపై బడి తెరచినారు. ఆయన పాటించిన ఈ వరుసయే నేటి విధానకర్తలకు విడిచిన పాఠము.