పరేల్ చాళ్ల నుంచి అసెంబ్లీ దాకా: బాబాసాహెబ్ కట్టిన కార్మిక పార్టీ

బాబాసాహెబ్ అంబేడ్కర్ అనగానే రాజ్యాంగం గుర్తొస్తుంది, నీలి జెండా గుర్తొస్తుంది. కానీ 1936 ఆగస్టులో ఎన్నికల కోసం ఆయన కట్టిన పార్టీ పేరులో కులం లేదు, కార్మికుడు ఉన్నాడు. అదే ఇండిపెండెంట్ లేబర్ పార్టీ.

1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టిన భీమ్‌రావ్ పెరిగింది బొంబాయి పరేల్‌లో, మిల్లు కార్మికుల చాళ్ల మధ్య. విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చాక కూడా ఏళ్ల తరబడి అక్కడి బీఐటీ చాళ్లోనే కాపురం ఉన్నారు. బట్టల మిల్లుల్లో నాలుగు డబ్బులు ఎక్కువ దొరికేది నేత ఖాతాలో. అక్కడ దారాన్ని నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలి. అంటరానివాళ్ల నోరు తగిలిన నాడెను ముట్టుకోబోమని తోటి కార్మికులే దళితులను ఆ ఖాతాలోకి రానివ్వలేదు. 1928 సమ్మెలో ఈ అన్యాయం కూడా డిమాండ్లలో చేరాలని అంబేడ్కర్ పట్టుబట్టారు. సంఘం నాయకులు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు.

1937 ఫిబ్రవరిలో బొంబాయి అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. అందరికీ ఓటు లేని రోజులవి. భూమిలేనివాళ్లకు భూమి, న్యాయమైన కూలి, పని గంటలకు హద్దు, జీతంతో సెలవు అంటూ కొత్త పార్టీ ఓట్లడిగింది. దళితేతరులనూ పోటీకి నిలిపింది. 17 స్థానాల్లో పోటీచేసి 14 గెలిచింది. అందులో 3 జనరల్ స్థానాలు.

గెలిచి ఊరుకోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో కొంకణ్ రైతుల నెత్తిన కూర్చున్న ఖోతీ పద్ధతి రద్దుకు అంబేడ్కర్ బిల్లు పెట్టారు. 1938 జనవరిలో వేలాది రైతులు బొంబాయి కౌన్సిల్ హాలుకు కదిలారు. ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో ఆయన ఇద్దరు శత్రువులను చూపించారు. ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం. గ్యాంగ్‌మన్‌గా చేరిన దళితుడు ఎన్నేళ్లకూ గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోవడం వాళ్లందరికీ అనుభవమే.

సమ్మె హక్కుకు సంకెళ్లు వేసే పారిశ్రామిక వివాదాల బిల్లును కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చినప్పుడు అసెంబ్లీలో గట్టిగా ఎదిరించారు. బయట, తనకు ఎన్నో విభేదాలున్న కమ్యూనిస్టులతో కలిసి 1938 నవంబరు 7న ఒకరోజు సమ్మెకు పిలుపునిచ్చారు. మిల్లులు ఆగాయి. బిల్లు మాత్రం ఆగలేదు. మెజారిటీ కాంగ్రెస్‌ది.

1942లో క్రిప్స్ రాయబారం దళితుల గొంతును పట్టించుకోలేదు. కార్మికుల పేరుతో ఉన్న పార్టీ దళితుల తరఫున మాట్లాడడానికి చాలదని తేలింది. ఆ ఏడాదే షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ పుట్టింది. ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడయ్యారు. యజమానులు సంఘాలను గుర్తించి తీరాలని 1943లో బిల్లు పెట్టారు. సంఘం కూలి పెంచగలదు కానీ చట్టం చేయలేదనీ, కార్మికులకు సొంత పార్టీ కావాలనీ అదే ఏడాది ఢిల్లీలో కార్మిక కార్యకర్తలకు బోధించారు.

ఖోతీ పద్ధతి 1949లో చట్టంతో రద్దయింది. బాబాసాహెబ్ 1956 డిసెంబరు 6న కన్నుమూశారు.

ఎన్నికలు రాగానే సంఘాల గడప తొక్కే పార్టీలను ఇప్పుడూ చూస్తున్నాం. చీపురు పట్టినవాళ్లు, మ్యాన్‌హోల్‌లో దిగేవాళ్లు ఆ సంఘంలో ఏ కుర్చీలో ఉన్నారు? జెండా మోసేవాళ్లకు టికెట్ ఇస్తున్నారా? నాడె దగ్గర ఆయన అడిగిన ప్రశ్న ఇదే.