ముప్పై వసంతాల డబ్ల్యూఎన్‌బీఏకు శుభాభినందనలు

1996 ఏప్రిల్ 24న అమెరికాలో మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌కు ఆమోదముద్ర పడింది. ఆ డబ్ల్యూఎన్‌బీఏ నేడు ముప్పై వసంతాలు పూర్తి చేసుకుని సగర్వంగా నిలబడింది. ఈ శుభవేళ ఆ కోర్టులపై చెమటోడ్చిన ప్రతి క్రీడాకారిణికీ, వారిని తీర్చిదిద్దిన శిక్షకులకూ, గెలిచినా ఓడినా వెన్నంటి ఉన్న అభిమానులకూ, ఈ ఆటను ప్రేమించే తెలుగువారందరి తరఫున హృదయపూర్వక అభినందనలు!

1997 జూన్ 21న ఇంగిల్‌వుడ్‌లోని గ్రేట్ వెస్టర్న్ ఫోరమ్‌లో 14,284 మంది ప్రేక్షకుల ఎదుట తొలి మ్యాచ్ జరిగింది. లాస్ ఏంజెలెస్ స్పార్క్స్ తరఫున పెన్నీ టోలర్ లీగ్ చరిత్రలో తొలి బాస్కెట్ వేసింది. న్యూయార్క్ లిబర్టీ 67-57తో గెలిచింది. లీగ్‌తో మొట్టమొదట ఒప్పందం చేసుకున్న షెరిల్ స్వూప్స్ ఆ వేసవిలోనే తల్లయి, ఆరు వారాలకే హ్యూస్టన్ కామెట్స్ జెర్సీ తొడుక్కుని బరిలో దిగింది. తొలి నాలుగు టైటిళ్లూ కామెట్స్‌వే. ఆ నాలుగు ఫైనల్స్‌లోనూ అత్యుత్తమ క్రీడాకారిణి సింథియా కూపరే!

1999ని తలచుకుంటే నేటికీ గుండె బరువెక్కుతుంది. కామెట్స్ పాయింట్ గార్డ్ కిమ్ పెరాట్ ఆ ఆగస్టులో క్యాన్సర్‌తో కన్నుమూసింది. కొద్దిరోజులకే ఫైనల్స్. రెండో మ్యాచ్‌లో కామెట్స్ ఆధిక్యం రెండు పాయింట్లు, మిగిలినది 2.4 సెకన్లు. విజయం ఖాయమనుకుని పైనుంచి రంగుకాగితాలు రాలడం మొదలైంది. అంతలో లిబర్టీ గార్డ్ తెరెసా వెదర్‌స్పూన్ సగం కోర్టు అవతలి నుంచి విసిరిన బంతి బోర్డుకు తగిలి నెట్‌లో పడింది. లిబర్టీ 68-67తో నెగ్గింది. మర్నాడు జరిగిన నిర్ణాయక మ్యాచ్‌లో కామెట్స్ పుంజుకుని గెలిచి, ఆ టైటిల్‌ను పెరాట్ స్మృతికి అంకితమిచ్చింది.

ఆ తరం వేసిన బాటలో మహామహులు నడిచారు. 2002లో లీసా లెస్లీ లీగ్‌లో తొలి డంక్ కొట్టింది. పుట్టుకతో వినికిడి లోపమున్న తమీకా క్యాచింగ్స్ 2012లో ఇండియానాకు కప్పు అందించింది. సియాటిల్ జట్టును నాలుగుసార్లు విజేతగా నిలిపిన సూ బర్డ్ 3,234 అసిస్టులు చేసింది. ఫీనిక్స్ తరఫున ఇరవై సీజన్లు ఆడిన డయానా టౌరాసీ 10,646 పాయింట్లు సాధించింది. మిన్నెసోటాకు నాలుగు టైటిళ్లు తెచ్చిన మాయా మూర్, కెరీర్ మంచి ఊపులో ఉండగానే ఆటను పక్కనపెట్టి, అన్యాయంగా శిక్ష అనుభవిస్తున్న ఒక ఖైదీ విడుదల కోసం పోరాడి నెగ్గింది. ఆటతో పాటు సేవలోనూ ఈ లీగ్ తలెత్తుకునే ఉంది.

అన్నీ మంచిరోజులే కావు. నాలుగు టైటిళ్ల కామెట్స్ సైతం 2008లో మూతపడింది. అయినా లీగ్ చెక్కుచెదరలేదు. క్రీడాకారిణులతో లీగ్ కుదుర్చుకున్న 2020 ఒప్పందంతో ప్రసూతి సెలవులోనూ వారికి పూర్తి వేతనం దక్కింది. స్వూప్స్ నాటి తల్లుల కష్టానికి అది తగిన గౌరవం. 1997 నుంచి అయిదు ఫైనల్స్‌లో ఓడిన లిబర్టీ, పట్టు వదలకుండా 2024లో తొలి టైటిల్ ముద్దాడింది. అదే ఏడాది కొత్తగా వచ్చిన కెయిట్లిన్ క్లార్క్ ఒకే సీజన్‌లో 337 అసిస్టులతో రికార్డు సృష్టించింది. 2025లో ఏజా విల్సన్ నాలుగోసారి అత్యుత్తమ క్రీడాకారిణి (ఎంవీపీ) పురస్కారం అందుకుని, ఆ ఘనత సాధించిన తొలి క్రీడాకారిణి అయింది. అంతకు ముందు ఏడాది ఈ లీగ్ తారలతో నిండిన అమెరికా జట్టు పారిస్‌లో వరుసగా ఎనిమిదో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది.

ఎనిమిది జట్లతో మొదలైన లీగ్‌లో 2025లో పదమూడో జట్టు అడుగుపెట్టింది. పోర్ట్‌లాండ్‌తో పాటు టొరంటో జట్టు కూడా చేరుతుండటంతో లీగ్ అమెరికా సరిహద్దులు దాటుతోంది. ఒకప్పుడు జట్లను పోగొట్టుకున్న క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ నగరాలు మళ్లీ తలుపులు తెరుస్తున్నాయి. మీ కృషి దినదిన ప్రవర్ధమానమగుగాక! మీ కోర్టులు కిక్కిరిసిన ప్రేక్షకులతో కళకళలాడుగాక! స్వర్ణోత్సవం నాటికి మరిన్ని దేశాల ఆడపిల్లలు మీ జెర్సీలు తొడుక్కుని ఆడతారన్నది మా ఆశే కాదు, గట్టి నమ్మకం కూడా. విజయోస్తు!