ఎడిసన్ జీవితం – ఒక గుణపాఠం

మానవ కంఠస్వరాన్ని పట్టి నిలిపి, తిరిగి వినిపించిన మొదటి యంత్రాన్ని లోకానికి ప్రసాదించిన మేధావి థామస్ ఆల్వా ఎడిసన్. ఆయన విజయాలను మనము పాఠ్యపుస్తకాలలో చదివియున్నాము. ఆయన పరాజయం కూడ పఠనీయమైనదే.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మిలాన్ అనే ఊరిలో జన్మించారు. పాఠశాల విద్య స్వల్పం, తల్లియే గురువు. బాల్యంలోనే చెవుడు సంక్రమించింది. రైళ్ళలో పత్రికలమ్మి, తంతివిద్య నేర్చి, స్వయంకృషితో పైకి వచ్చి 1877లో ఫోనోగ్రాఫును నిర్మించారు. వినికిడి కొరవడినవాడే ప్రపంచానికి సంగీతాన్ని వినిపించడం విశేషం గదా!

ఆయన యంత్రం గొట్టాలవంటి రికార్డులపై పనిచేసేది. తరువాత ఎమిల్ బెర్లినర్ పళ్ళెం వంటి రికార్డును కనిపెట్టగా ప్రజలు దానినే ఆదరించారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు ముద్రింపబడినదీ అట్టి రికార్డులపైననే. చివరకు 1912లో ఎడిసన్ కూడ వజ్రపు ములుకుతో పనిచేసే పళ్ళెపు రికార్డులను ప్రకటించారు. కాని ఇతరుల రికార్డులలో ములుకు పక్కలకు కదలగా, ఆయన రికార్డులో పైకి, క్రిందికి కదిలేది. అందుచేత కరూసో వంటి మహాగాయకుల విక్టర్ రికార్డులు ఎడిసన్ యంత్రంపై పలికేవి కావు. వేరొకరు తయారుచేసిన పరికరాన్ని అమర్చుకొంటే తప్ప కొన్నవారికి గత్యంతరం లేదు.

ఎడిసన్ రికార్డుల నాదం శ్రేష్ఠమైనదే. అయితే ఏ పాట ముద్రించవలెనో ఆయనే నిర్ణయించేవారు; జాజ్ సంగీతం ఆయనకు గిట్టదు. శ్రోతల అభిరుచి ఒక దారి, యంత్రం మరొక దారి అయినవి. 1929లో అందరి పద్ధతి రికార్డులను విడుదల చేసినా కాలం మించిపోయింది. ఆ అక్టోబరులోనే రికార్డుల వ్యాపారం మూతపడింది. 1931 అక్టోబరు 18న ఆయన పరమపదించారు.

ఈ గాథ కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థులమైన మనకు దూరమైనది కాదు. అను ఫాంటులో కూర్చిన తెలుగు వ్యాసం ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంకాని గుర్తుల వరుసయే. ఇన్‌పేజీలో కూర్చిన ఉర్దూ కవిత ఆ సాఫ్ట్‌వేరు లేనిచోట తెరుచుకోదు. వ్రాసినవారి శ్రమ యావత్తు పెట్టెలో బంధింపబడుతుంది. యూనికోడ్ వంటి ఉమ్మడి పద్ధతి ఈ సంకెళ్ళను సడలిస్తున్నది. రేపు మనలో ఎవరైన యంత్రనిర్మాతలైనచో, ఎడిసన్ ప్రతిభను ఆదర్శంగా గ్రహించి, ఆయన పట్టుదలలోని ఈ లోపాన్ని మాత్రం విడనాడుదుము గాక!