జాయిస్ వెథరెడ్

జాయిస్ వెథరెడ్ (నవంబర్ 17, 1901 - నవంబర్ 18, 1997) ఇంగ్లాండుకు చెందిన సుప్రసిద్ధ గోల్ఫ్ క్రీడాకారిణి. ఇంగ్లీషు మహిళల పోటీలలో 1920 నుండి 1924 వరకు వరుసగా ఐదుసార్లు, బ్రిటిష్ మహిళల ఔత్సాహిక పోటీలలో నాలుగుసార్లు (1922, 1924, 1925, 1929) విజేతగా నిలిచింది.

బాల్యం
ఈమె సర్రే ప్రాంతంలో జన్మించింది. బాల్యంలో ఆరోగ్యం అంతగా బాగుండకపోవడంతో ఇంటివద్దనే చదువుకుంది. అన్న రోజర్ వెథరెడ్‌తో కలిసి ఆడుతూ గోల్ఫ్ నేర్చుకుంది. రోజర్ 1923లో బ్రిటిష్ ఔత్సాహిక పోటీలో విజేత అయ్యాడు.

షెరింగ్‌హామ్ విజయం
షెరింగ్‌హామ్ గోల్ఫ్ మైదానం నార్ఫోక్ తీరంలో 1891లో ఏర్పడింది. కొల్లేరు పరిసరాల నేల వలె ఈ తీరం చదునుగా ఉండదు. సముద్రపు అంచున నిట్టనిలువుగా తెగిపోతుంది. మైదానానికి ఒకవైపు సముద్రం, మరొకవైపు రైలుమార్గం ఉన్నాయి.

1920లో ఇక్కడ జరిగిన ఇంగ్లీషు మహిళల పోటీకి జాయిస్ స్నేహితురాలికి తోడుగా వెళ్ళి తానూ పాల్గొంది. అప్పటికి ఆమె వయసు 18 సంవత్సరాలు. తుదిపోరులో ఎదురైన సెసిల్ లీచ్ నాటి మేటి క్రీడాకారిణి. 36 హోళ్ళ ఆటలో ఇంకా 16 మిగిలి ఉండగా జాయిస్ ఆరు హోళ్ళు వెనుకబడింది. అయినా నిబ్బరం కోల్పోక క్రమంగా పుంజుకొని, 35వ హోలు వద్ద విజయం సాధించింది. చివరి దెబ్బ కొట్టే సమయంలో పక్కనుండి రైలు వెళ్ళినా ఆమె గమనించలేదని ప్రతీతి. ఆమె ఏకాగ్రతకు ఈ కథను నేటికీ ఉదాహరణగా చెబుతారు.

తరువాతి జీవితం
ఇంగ్లీషు పోటీలలో ఈమె వరుసగా 33 ఆటలు గెలిచింది. 1929లో సెయింట్ ఆండ్రూస్‌లో అమెరికా క్రీడాకారిణి గ్లెన్నా కొల్లెట్‌ను ఓడించింది. 1932లో మొదటి కర్టిస్ కప్ పోటీలో బ్రిటిష్ జట్టుకు నాయకత్వం వహించింది. తాను చూసిన ఆటగాళ్ళలో, స్త్రీ పురుష భేదం లేకుండా, ఈమెను మించినవారు లేరని అమెరికా క్రీడాకారుడు బాబీ జోన్స్ అభిప్రాయపడ్డాడు.

ఆనాటి నియమాల ప్రకారం గోల్ఫ్ ద్వారా జీవనోపాధి పొందేవారు ఔత్సాహిక పోటీలకు అనర్హులు. 1933లో లండనులోని ఒక దుకాణపు గోల్ఫ్ విభాగంలో ఉద్యోగంలో చేరడంతో, ఆట శిఖరస్థాయిలో ఉండగానే ఈమె ఆ హోదాను కోల్పోయింది. 1935లో అమెరికాలో ప్రదర్శన ఆటలు ఆడింది.

1937లో సర్ జాన్ హీత్‌కోట్-ఎమొరీని వివాహమాడింది. డెవన్‌లోని నైట్స్‌హేస్ కోర్టులో దంపతులు పెంచిన ఉద్యానవనం ప్రసిద్ధి చెందింది. భర్త మరణానంతరం ఆ భవనం నేషనల్ ట్రస్టు ఆధీనంలోకి వచ్చింది. 1975లో ఈమెకు ప్రపంచ గోల్ఫ్ ప్రముఖుల జాబితాలో స్థానం లభించింది. 96 ఏళ్ళు నిండిన మరునాడు మరణించింది.